అడిగే తీరు: అంటువ్యాధుల మీద సామాజిక పరిశోధన

అందరికీ నమస్కారం. సర్వేలకు వెళ్ళేవాళ్ళు, రోగుల ఇళ్ళకు వెళ్ళి మాట్లాడేవాళ్ళు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. అందుకని ఉపోద్ఘాతం పెట్టుకోకుండా ఒక జబ్బు దగ్గర మొదలుపెడతాను.

పాపువా న్యూగినీ తూర్పు కొండల్లో ఫోరే అనే జనం ఉన్నారు. 1950ల్లో వాళ్ళ ఊళ్ళను ఒక జబ్బు ఊడ్చిపెట్టేస్తోంది. ముందు నడక తడబడుతుంది. తరువాత ఒళ్ళంతా వణుకు. కొన్నాళ్ళకు నిలబడలేరు, కూర్చోలేరు, మింగలేరు. సాధారణంగా ఏడాది తిరిగేసరికి మనిషి ఉండరు. ఫోరే భాషలో దాన్ని కురు అంటారు, వణుకు అని అర్థం. 1957లో విన్సెంట్ జిగాస్, కార్ల్‌టన్ గజ్డుసెక్ అనే వైద్యులు ఈ జబ్బు సంగతి వైద్యలోకానికి చెప్పారు. మామూలు అంటురోగాల లక్షణాలేవీ అందులో కనిపించలేదు. పోయేవాళ్ళలో ఎక్కువమంది పెద్ద ఆడవాళ్ళు. ఆ తరువాత పిల్లలు, ఆడపిల్లలూ మగపిల్లలూ ఇద్దరూ. పెద్ద మగవాళ్ళు చాలా తక్కువ. ఒకే కుటుంబంలో ఒకరి తరువాత ఒకరికి వస్తోంది కాబట్టి ఇది వంశపారంపర్యంగా వచ్చేదే అయి ఉంటుందన్న అభిప్రాయం బలంగా ఉండేది.

1961లో షర్లీ లిండెన్‌బామ్, రాబర్ట్ గ్లాస్ అనే ఇద్దరు మానవశాస్త్రవేత్తలు ఆ ఊళ్ళకు వెళ్ళారు. వాళ్ళ చేతిలో ఉన్నవి నోటు పుస్తకాలు, పట్టినన్ని రోజులు అక్కడే ఉండే ఓపిక. మొదట వంశవృక్షాలు రాసుకున్నారు. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఆ చుట్టరికం ఎలా వచ్చింది అని ఒక్కొక్క పేరు దగ్గరా ఆగి అడిగారు. అప్పుడు తేలింది, ఫోరేలు ‘మావాళ్ళు’ అని చెప్పే అందరితోనూ వాళ్ళకు రక్తసంబంధం లేదని. ఇచ్చిపుచ్చుకోవడాల వల్ల, ఒకచోట కలిసి బతకడం వల్ల బంధువులైనవాళ్ళు అందులో బోలెడుమంది. అంటే బయటివాళ్ళు ‘కుటుంబంలో నడిచే జబ్బు’ అనుకున్నప్పుడు ఆ కుటుంబం అన్న మాట అర్థమే వేరు.

ఆ తరువాత ముసలివాళ్ళను అడిగారు. మీ ఊళ్ళో కురుతో మొట్టమొదట పోయింది ఎవరు, అప్పటికి నీ వయసెంత, నీకు పెళ్ళయిందా, పిల్లలున్నారా అని. జనానికి ఆ మొదటి మనుషుల పేర్లు గుర్తున్నాయి. ఊరూరా ఆ జవాబుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే జబ్బు అనాదిగా ఉన్నది కాదని, 1920 ప్రాంతంలో ఉత్తరాన మొదలై దక్షిణానికి దిగిందని కనబడింది. ఇంత ప్రాణాంతకమైన జబ్బు, కేవలం జన్యువు వల్ల, నలభై ఏళ్ళలో ఇంతమందిలోకి పాకడం కుదరదు. మరి ఆ కాలంలో ఆ ఊళ్ళలో కొత్తగా ఏం మొదలైంది? చనిపోయిన బంధువుల శరీరాన్ని తినే ఆచారం. అదీ ఉత్తరపు ఇరుగుపొరుగుల నుంచి కొన్ని దశాబ్దాల ముందే వచ్చింది. పోయినవాళ్ళ మీద ప్రేమతో చేసే పని అది. తినేది ఎక్కువగా ఆడవాళ్ళు, వాళ్ళ వెంట ఉండే పిల్లలు. పెద్ద మగవాళ్ళలో చాలామంది దూరంగా ఉండేవాళ్ళు. ఇప్పుడు చావుల పట్టికనూ ఈ జవాబుల్నీ పక్కపక్కన పెట్టండి, ఒకదానికొకటి అతికినట్టు సరిపోతాయి.

1966లో కురు చింపాంజీలకు అంటుతుందని ప్రయోగశాలలో రుజువైంది. గజ్డుసెక్‌కి 1976లో నోబెల్ వచ్చింది. అంతకుముందే, 1950ల్లో, ఆ ఆచారం ఆగిపోయింది. ఆగిన తరువాత పుట్టినవాళ్ళకు జబ్బు రాలేదు. ముందు చిన్నపిల్లల కేసులు మాయమయ్యాయి. ఏడాది గడిచేకొద్దీ కొత్త రోగుల్లో అందరికన్నా చిన్నవాళ్ళ వయసు పెరుగుతూ పోయింది. కొందరికి 50 ఏళ్ళ తరువాత కూడా జబ్బు బయటపడింది.

ఫోరేలు కురుకి చేతబడి కారణమని నమ్మేవాళ్ళు. వచ్చిన పరిశోధకులు ‘వీళ్ళది మూఢనమ్మకం’ అని రాసుకుని వెళ్ళిపోయి ఉంటే మనకు తెలిసేది అంతే. వాళ్ళు జబ్బు గురించి మీకేం తెలుసు అని అడిగి ఊరుకోలేదు. ఎవరు, ఎప్పుడు, ఎవరితో, ఏం చేశారు అని అడిగారు. నేను ఈ రోజు చెప్పబోయే పద్ధతులన్నిటికీ ఆధారం ఈ తేడానే.

ఎందుకంటే మన రంగంలో ఎక్కువగా కనిపించేది జ్ఞానం, దృక్పథం, ఆచరణ అనే మూడు ముక్కల సర్వే. కేఏపీ సర్వే అని మీకందరికీ తెలిసే ఉంటుంది. మలవిసర్జన తరువాత చేతులు సబ్బుతో కడుక్కుంటారా? కడుక్కుంటాం. దోమతెర వాడతారా? వాడతాం. అడిగినవాళ్ళకు కావలసిన జవాబేమిటో ప్రశ్నలోనే ఉంది, దాన్ని మర్యాదగా తిరిగి మన చేతిలో పెట్టారు. అది అబద్ధమాడటం కాదు, ఇంటికొచ్చిన మనిషిని చిన్నబుచ్చకపోవడం. బంగ్లాదేశ్‌లో ఒక పరిశోధనలో కదలికను పసిగట్టే పరికరాన్ని సబ్బులోనే అమర్చి ఇళ్ళకు ఇచ్చారు. పరిశీలకులు వచ్చి కూర్చున్న రోజున, మిగతా రోజుల్లో అదే సమయంతో పోలిస్తే, సబ్బు ఎక్కువసార్లు కదిలింది. మనం వెళ్ళి కూర్చోవడమే అలవాటును మారుస్తోంది.

అలాగని అడగడం మానుకోలేం. మార్చుకోవలసింది ప్రశ్నను. ‘సాధారణంగా’ అన్న మాట ప్రశ్నాపత్రంలో ఎక్కడున్నా కొట్టేయండి. నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేశారో వరసగా చెప్పించుకోండి, చేతులు కడుక్కోవడం ఆ వరసలో దానంతటదే వస్తే నమోదు చేయండి. తరువాత చేతులు కడిగే చోటు చూపించమనండి. అక్కడ నీళ్ళున్నాయా, సబ్బుందా, ఆ సబ్బు వాడుకలో ఉన్నట్టుందా. చూసి రాసుకున్న ఈ మూడు గుర్తులు నోటిమాట కన్నా గట్టివి. దోమతెర సంగతీ అంతే: నిన్న రాత్రి ఈ ఇంట్లో పడుకున్నది ఎవరెవరు, ఒక్కొక్కరి పేరు చెప్పి, వాళ్ళు తెర కింద పడుకున్నారా బయటా అని అడగండి. ‘మీ ఇంట్లో వాడతారా’ అంటే ఇంటి మొత్తానికి ఒక్క ‘అవును’ వస్తుంది. మనిషి మనిషికీ అడిగితే తెర ఎవరి దాకా రాలేదో తెలుస్తుంది.

ఇక మనుషుల మధ్య తాకిడిని కొలవడం. ఊపిరి ద్వారా సోకే జబ్బుల లెక్కలు కట్టేవాళ్ళు చాలాకాలం ఎవరు ఎవరిని ఎన్నిసార్లు కలుస్తారన్నదాన్ని ఊహించుకునేవాళ్ళు. పోలీమాడ్ అనే అధ్యయనం 8 యూరప్ దేశాల్లో 7,290 మందికి ఒక్కో రోజు డైరీ ఇచ్చింది. వాళ్ళు 97,904 కలయికలు రాశారు, అంటే మనిషికి రోజుకు సగటున 13.4. 2008లో అచ్చయిన ఆ అధ్యయనంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది కలయికకు వాళ్ళు పెట్టుకున్న నిర్వచనం. ఒళ్ళు ఒంటికి తగిలితే కలయిక. లేదా ఎదురుగా ఉండి ఇటూ అటూ మాట్లాడుకుంటే, ఆ మాటలు మూడైనా ఉంటే, అది కలయిక. ఇంత తేటగా చెప్తేనే ఇద్దరు మనుషులు ఒకే రోజును ఒకే తీరుగా రాయగలరు. ‘దగ్గరగా మెలగడం’ అని వదిలేస్తే ఒకరికి అది కౌగిలి, ఇంకొకరికి ఒకే బస్సు.

డైరీలో ఉండాల్సిన గడులు: అవతలి మనిషి వయసు, తెలియకపోతే సుమారుగా ఇంత నుంచి ఇంత అని, ఆడా మగా, ఎక్కడ కలిశారు, ఎంతసేపు, 5 నిమిషాల లోపా, 15 దాకానా, గంట దాకానా, 4 గంటల దాకానా, ఆ పైనా, ఒళ్ళు తగిలిందా, ఈ మనిషిని రోజూ కలుస్తారా, ఎప్పుడో ఒకసారా. డైరీని ముందురోజే ఇవ్వాలి. ఏ రోజు రాయాలో మనమే చీటీ తీసి చెప్పాలి, సెలవు రోజులు కూడా అందులో పడాలి. వాళ్ళ ఇష్టానికి వదిలితే తీరికగా ఉన్న రోజు రాస్తారు, అది తక్కువమందిని కలిసే రోజు.

తప్పులు ఎక్కడ వస్తాయో చెప్తాను. రోజంతా వందలమందితో మాట్లాడే ఉద్యోగం ఉన్నవాళ్ళు ఇరవయ్యో గడి దగ్గర చేతులెత్తేస్తారు. వాళ్ళే మనకు ముఖ్యం. అందుకని ‘ఇంకా ఈ వయసువాళ్ళు సుమారు ఇంతమంది’ అని గుంపుగా రాసే చోటు పెట్టాలి. రెండు రోజుల డైరీ ఇస్తే రెండో రోజు అంకె పడిపోతుంది, అది అలసట. చదవడం రానివాళ్ళ దగ్గర మర్నాడే కూర్చుని లేచిన వేళ నుంచి పడుకున్న వేళ దాకా నడిపించాలి. చివరగా ఒక పరీక్ష ఉంది, చాలామంది చేయరు. పిల్లలు చెప్పిన పిల్ల–ముసలి కలయికల్ని జనాభా లెక్కకు పెంచి చూడండి, ముసలివాళ్ళు చెప్పిన ముసలి–పిల్ల కలయికల్ని కూడా అలాగే పెంచండి. రెండూ ఒకటే కావాలి, ఎందుకంటే కలిసింది ఒకరినొకరే. బాగా తేడా వస్తే ఒక పక్క మర్చిపోవడమో, మన శాంపిల్ వంకర కావడమో జరిగింది.

రోగి కలిసినవాళ్ళ జాబితా తీసేటప్పుడు కూడా ఇదే గుర్తు పెట్టుకోండి. ‘ఎవరెవరిని కలిశారు?’ అంటే నోటికొచ్చిన నాలుగు పేర్లు వస్తాయి, అన్నీ ఇంట్లోవాళ్ళవి. చెప్పినంతా రాసుకుని నెమ్మదిగా చదివి వినిపించండి, ఇంకెవరైనా అని ఆగండి. తరువాత చోట్ల వరసన అడగండి: ప్రయాణంలో, పనిలో, ప్రార్థన దగ్గర, వైద్యం కోసం వెళ్ళిన చోట. తరువాత చెప్పిన ఒక్కో పేరునూ పట్టుకుని, వీళ్ళతో ఉన్నప్పుడు పక్కన ఇంకెవరున్నారు అనండి. ప్రతి దఫాలోనూ కొత్త పేర్లు వస్తాయి. అవి దాచిన పేర్లని అనుకోకండి, అప్పటిదాకా గుర్తు రానివి.

శాంపిల్ గురించి అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు, అంకెలతోనే చెప్తాను. టీకాల సర్వేల్లో దశాబ్దాలుగా 30 క్లస్టర్లు, అంటే ఊళ్ళో పేటలో లాంటి ఇళ్ళ గుంపులు, క్లస్టర్‌కి 7గురు పిల్లలు, మొత్తం 210 అనే పద్ధతి నడిచింది. ఆ అంకె ఎక్కడిదంటే, టీకా వేయించుకున్నవాళ్ళు సగం మంది అనుకుని, అటూ ఇటూ 10 శాతం తేడాతో, 95 శాతం ధీమాతో చెప్పాలంటే విడివిడిగా ఎంచుకున్న 96 మంది చాలు. కానీ పక్కపక్క ఇళ్ళవాళ్ళు ఒకేలా ఉంటారు, ఏడుగురిని అడిగినా ఏడు కొత్త విషయాలు తెలియవు. ఆ నష్టానికి రెట్టింపు చేస్తే 192. దాన్ని ముప్ఫై క్లస్టర్లకు పంచితే ఏడుగురి చొప్పున 210.

ఇక్కడ ఖర్చు తగ్గిద్దామని క్లస్టర్లు తగ్గించి ఒక్కో చోట ఎక్కువమందిని అడుగుతారు. ఏడుగురితో నష్టం రెండు రెట్లంటే ఆ ఇరుగుపొరుగుల పోలిక సుమారు 0.17 (సున్నా అంటే పోలికే లేదు, 1 అంటే అందరూ అచ్చం ఒకటే). అదే పోలికతో క్లస్టర్‌కి 20 మందిని తీసుకుంటే నష్టం రెండు కాదు, నాలుగు రెట్లు దాటుతుంది. 210 మందిని అడిగినా విడివిడిగా ఎంచుకున్న 50 మందిని అడిగినంత సమాచారమే చేతికొస్తుంది. మార్చుకోగలిగితే క్లస్టర్లు పెంచండి, లోపల మనుషుల్ని తగ్గించండి.

ఆ పాత పద్ధతిలో ఊరి నడిమధ్యన నిలబడి ఏదో ఒక దిక్కు ఎంచుకుని, ఆ దిక్కున ఒక ఇంట మొదలుపెట్టి, తరువాత పక్కిల్లు, ఆ పక్కిల్లు అని పోయేవాళ్ళు. దీంతో మధ్యలో ఉన్న ఇళ్ళకు అవకాశం ఎక్కువ, అంచున ఉన్న ఇళ్ళకు తక్కువ. టీకా అందనివాళ్ళు ఉండేది ఎక్కువగా ఆ అంచుల్లోనే. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు క్లస్టర్‌లోని ఇళ్ళన్నిటికీ ముందు జాబితా రాసి, అందులోంచి లాటరీ తీయమంటోంది. పనిభారం ఎక్కువే, కానీ ఆ జాబితా లేకుండా వచ్చిన శాతాన్ని నేను నమ్మను. ఇంకో మాట, తాళం వేసి ఉన్న ఇంటిని వదిలి పక్కింటికి పోకండి. పొద్దున తాళమున్న ఇల్లంటే పెద్దవాళ్ళందరూ పనికి పోయిన ఇల్లు. వేళ మార్చి కనీసం ఇంకో రెండుసార్లు వెళ్ళాలి.

జాబితాకే దొరకనివాళ్ళూ ఉంటారు. మత్తుమందు సూదులు వాడేవాళ్ళు, లైంగిక వృత్తిలో ఉన్నవాళ్ళు, కాగితాలు లేని వలస కూలీలు. వాళ్ళ కోసం డగ్లస్ హెకథార్న్ 1997లో ఒక పద్ధతి చెప్పారు. ఆ సమూహంలోంచి వేర్వేరు రకాల మనుషుల్ని కొందరిని విత్తనాల్లా ఎంచుకుంటాం. ఒక్కొక్కరికి సాధారణంగా 3 కూపన్లు ఇస్తాం. వాళ్ళకు తెలిసినవాళ్ళను వాళ్ళే పంపుతారు, వచ్చినవాళ్ళకూ కూపన్లిస్తాం. తాము మాట్లాడినందుకు కొంత, ఒకరిని పంపినందుకు కొంత పారితోషికం. పేర్లు అక్కరలేదు, కూపన్ నంబర్లు చాలు. ఎక్కువ పరిచయాలున్నవాళ్ళు వలలో పడే అవకాశం ఎక్కువ కాబట్టి ‘ఈ నెలలో మీరు కలిసినవాళ్ళలో ఇలాంటివాళ్ళు ఎంతమంది’ అని తప్పకుండా అడిగి, దాన్ని బట్టి లెక్కలో వాళ్ళ బరువు తగ్గిస్తాం. ఆ ఒక్క ప్రశ్న మర్చిపోతే మిగతా శ్రమ అంతా వృథా. పారితోషికం మరీ ఎక్కువైతే ఆ సమూహంలో లేనివాళ్ళు వస్తారు, కూపన్లు అమ్ముడుపోతాయి. మరీ తక్కువైతే గొలుసు రెండో మెట్టు దగ్గరే తెగుతుంది.

క్షయ దగ్గరికి వస్తాను. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉండాలి.

క్షయకు మందులున్నాయి. మామూలు క్షయకు ఆరు నెలల చికిత్స. అయినా రోగి మందు మొదలుపెట్టేలోపు వారాలు, నెలలు గడుస్తాయి, ఆ కాలమంతా చుట్టూ ఉన్నవాళ్ళకు సోకుతూనే ఉంటుంది. ఆ ఆలస్యాన్ని రెండుగా విడదీస్తారు. లక్షణం మొదలైన రోజు నుంచి మొదటిసారి వైద్యం కోసం వెళ్ళిన రోజు దాకా రోగి వైపు ఆలస్యం. అక్కడి నుంచి సరైన మందు నోట్లో పడేదాకా వ్యవస్థ వైపు ఆలస్యం. విడదీయకుండా ఒకే అంకె ఇస్తే అందరూ రోగినే తప్పుపడతారు.

తేదీలు ఎలా రాబట్టాలి? ‘దగ్గు ఎప్పుడు మొదలైంది?’ అంటే ‘రెండు మూడు నెలలైంది’ అంటారు. మొదట ఒక కాగితం మీద గడిచిన ఏడాదిని గీయండి. ఆ మనిషి మర్చిపోలేని రోజులు దాని మీద పెట్టండి: పండగ, పెళ్ళి, చావు, పంట కోత, పిల్లల పరీక్షలు. అప్పుడు, ఆ పండగ నాటికి దగ్గుందా, దానికి ముందా వెనకా అని అడుగుతూ దగ్గరికి రండి. పొగతాగేవాళ్ళకు దగ్గు ఎప్పుడూ ఉంటుంది, అందుకని ‘ఇది మామూలు దగ్గు కాదని ఎప్పుడు అనిపించింది’ అని కూడా వేరుగా అడగాలి. అక్కడి నుంచి మజిలీ మజిలీకీ నడవండి. మొదట ఎవరితో చెప్పారు? వాళ్ళేమన్నారు? తరువాత ఎక్కడికి వెళ్ళారు, మందుల దుకాణానికా, నాటు వైద్యుడి దగ్గరికా, క్లినిక్‌కా? అక్కడ ఏమిచ్చారు, పరీక్ష రాశారా, ఎంతయింది, మళ్ళీ రమ్మన్నారా? ఒక్కో మజిలీకి ఒక్కో వరస. ‘ఎందుకు ఆలస్యం చేశారు’ అన్న ప్రశ్న మాత్రం వద్దు, అది నిలదీయడం. ‘ఆ వారం వెళ్ళడానికి ఏం అడ్డొచ్చింది’ అనండి. కూలి పోతుందని, బిడ్డను చూసేవాళ్ళు లేరని, ముందు వెళ్ళిన చోట దగ్గు మందిచ్చి పంపేశారని చెప్తారు. నాలుగు చోట్లకు తిరిగి తిరిగి, ఎవరూ కఫం పరీక్ష రాయక, ఐదో చోట జబ్బు తేలిన మనిషి కథను ‘అవగాహన లోపం’ అన్న గడిలో వేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

లెక్క కట్టేటప్పుడు సగటు చెప్పకండి, మధ్యమం చెప్పండి, అంటే అందరి రోజుల్నీ చిన్నదాని నుంచి పెద్దదాకా వరసగా పేరిస్తే నడిమధ్యన పడే అంకె. దాంతోపాటు ఆ వరసలో నాలుగింట ఒక వంతు, మూడు వంతుల దగ్గర పడే అంకెలూ ఇవ్వండి. ఏడాది ఆగిన ఇద్దరు ముగ్గురు సగటును ఎక్కడికో లాగేస్తారు. రోజుల పట్టిక చూడండి, 30, 60, 90 దగ్గర గుట్టలు కనిపిస్తే ఇంటర్వ్యూ చేసినవాళ్ళు క్యాలెండర్ పక్కనపెట్టి గుండుగుత్తగా రాశారని అర్థం. ఇంకొక పెద్ద గుంట ఉంది. చికిత్స కేంద్రానికి వచ్చినవాళ్ళనే అడిగితే అక్కడిదాకా చేరలేకపోయినవాళ్ళు, దారిలోనే పోయినవాళ్ళు లెక్కలో ఉండరు. మనకొచ్చిన ఆలస్యం ఎప్పుడూ అసలు కన్నా తక్కువ.

డబ్బు సంగతి విడిగా కొలవాలి. మందులు ఉచితమైనా జబ్బు ఉచితం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో మూడు ఖాతాలు: వైద్యానికి నేరుగా పెట్టింది, ప్రయాణం తిండి బస లాంటివి, పోయిన సంపాదన. మూడూ కలిపి కుటుంబం ఏడాది ఆదాయంలో 20 శాతం దాటితే దాన్ని కుటుంబాన్ని కుంగదీసే ఖర్చుగా లెక్కిస్తారు. చాలా ఇళ్ళలో మూడో ఖాతాయే పెద్దది, మన ఫారాల్లో అన్నిటికన్నా చిన్న గడి దానిదే. అప్పు చేశారా, ఏమైనా అమ్మారా, పిల్లలు బడి మానారా అని తప్పక అడగండి.

ఇక్కడే మాటల గురించి ఒక మాట. ఎన్నో ఏళ్ళు క్షయ రిజిస్టర్లలో రోగిని ‘సస్పెక్ట్’ అనీ మందు మానేసినవాళ్ళను ‘డిఫాల్టర్’ అనీ రాశారు, నేరం చేసినవాళ్ళకూ బాకీ ఎగ్గొట్టినవాళ్ళకూ వాడే మాటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో నిర్వచనాలు సవరించినప్పుడు ఆ రెంటినీ తీసేసింది. మీ ఫారాల్లో ఇంకా ఉంటే తీసేయండి. రిజిస్టర్‌లో ఏ మాట రాస్తామో కౌంటర్ దగ్గర అదే గొంతు వస్తుంది.

టీకా వేయించుకోనివాళ్ళందర్నీ ‘నిరాకరించారు’ అనేయడం కూడా ఇలాంటిదే. అంకెలే వేరుగా చెప్తాయి. వందమంది పిల్లల్లో మొదటి డోసు 90 మందికి, మూడో డోసు 72 మందికి అందిందనుకోండి. 18 మంది జారిపోయారు, 90లో అది 20 శాతం. 10 శాతం దాటితే చాలు, ఆలోచించాలి. ఈ 18 మంది తల్లులు టీకాను కాదనలేదు, ఒకసారి వచ్చారు కూడా. అప్పుడు చూడాల్సింది ఆ మొదటిసారి ఏం జరిగిందన్నది. ఎంతసేపు నిలబడ్డారు, టీకా తరువాత జ్వరం రావచ్చని ఎవరైనా చెప్పారా, మళ్ళీ ఎప్పుడు రావాలో కార్డు మీద రాసిచ్చారా, కార్డు మర్చిపోయి వస్తే కసిరి పంపారా. మొదటి డోసే తక్కువగా ఉంటే సమస్య వేరు: దూరం, వేళలు, లేదా నిజమైన అపనమ్మకం.

ఆ అపనమ్మకానికీ చరిత్ర ఉంటుంది. 2003లో ఉత్తర నైజీరియాలోని కానో రాష్ట్రం పోలియో చుక్కలు ఆపేసింది. పిల్లలు పుట్టకుండా చేసే మందు కలిపారని పుకారు. అదే కానోలో 1996లో మెదడు పొరల వాపు (మెనింజైటిస్) ప్రబలినప్పుడు ఒక విదేశీ కంపెనీ పిల్లల మీద చేసిన మందు ప్రయోగం తీవ్ర వివాదమైంది, జనం మర్చిపోలేదు. దానికి తోడు ఇంకొకటి వాళ్ళు చాలా స్పష్టంగా అడిగారు. ఆసుపత్రిలో జ్వరానికి మందులుండవు, తట్టుకు దిక్కులేదు, ఈ ఒక్క చుక్కలే ఇంటికొచ్చి మళ్ళీ మళ్ళీ ఎందుకు ఊరికే వేస్తున్నారు అని. ఆ ప్రశ్నకు పోలియో గురించి ఇంకో పోస్టర్ జవాబు కాదు. 2004లో ఇండోనేషియా నుంచి టీకా తెప్పించిన తరువాతే అక్కడ మళ్ళీ మొదలైంది. ఈలోగా వైరస్ చాలా దేశాలకు పాకింది.

చివరగా ఎబోలా. 2014 నుంచి 2016 దాకా గినీ, లైబీరియా, సియెర్రా లియోన్‌లలో 28,600కు పైగా కేసులు, 11,300కు పైగా మరణాలు. ఎబోలాతో పోయిన మనిషి శరీరం మీద వైరస్ బాగా ఎక్కువగా ఉంటుంది, అక్కడి ఆచారం ప్రకారం శవాన్ని కడిగి, తాకి సాగనంపుతారు. మొదట్లో ముసుగులేసుకున్న బృందాలు వచ్చి, మందు చల్లి, సంచిలో చుట్టి తీసుకుపోయేవి. ఎక్కడ పాతిపెట్టారో కూడా కొన్ని ఇళ్ళకు తెలియలేదు. దాంతో జనం రోగుల్నే దాచారు, రాత్రిళ్ళు తామే పూడ్చిపెట్టుకున్నారు.

గినీలో ఒక గర్భిణి చనిపోయింది. కడుపులోని బిడ్డను వేరు చేయకుండా పూడిస్తే ఊరికి కీడని ఆ కుటుంబం నమ్మకం. వేరు చేయడమంటే చేసేవాళ్ళకు ప్రాణాపాయం. ఇద్దరి మాటా కాదనడానికి లేదు. మానవశాస్త్రవేత్త జూలియెన్ అనోకో అక్కడి పెద్దల్ని కలుస్తూ పోయి, ఇలాంటి దోషానికి పరిహారం ఏదైనా ఉందా అని వెతికారు. ఆ తంతు తెలిసిన ఒక పెద్దాయన దొరికారు. దానికయ్యే ఖర్చు ప్రపంచ ఆరోగ్య సంస్థ భరించింది. పరిహారం జరిగాక ఆమెను సురక్షితంగా పూడ్చారు. జవాబు ఆ ఆచారం లోపలే ఉంది, వెళ్ళి అడిగిన మనిషి కావలసి వచ్చింది.

2014 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ మానవశాస్త్రవేత్తలతో, మత పెద్దలతో కలిసి 12 మెట్ల అంత్యక్రియల విధానం ప్రకటించింది. అందులో వరస చూడండి. బృందం రక్షణ దుస్తులు వేసుకోకుండా, మామూలు మనుషుల్లా ఇంటికి వెళ్ళి ముందు పరామర్శించాలి. ఏం చేయబోతున్నారో చెప్పి కుటుంబం ఒప్పుకునేదాకా మొదలుపెట్టకూడదు. ప్రార్థన ఎప్పుడు, గొయ్యి ఎవరు తవ్వుతారు, పెట్టెలో ఏ వస్తువులు పెట్టాలి అన్నది కుటుంబం చెప్తుంది. ముస్లిం అయితే నీళ్ళతో స్నానం బదులు మట్టితో చేసే శుద్ధి, శవానికి చుట్టే తెల్లటి కఫన్ గుడ్డ. ఆ తరువాతే దుస్తులు, సంచి, క్లోరిన్ నీళ్ళు. వెనకటి పద్ధతికీ దీనికీ క్లోరిన్ పాళ్ళలో తేడా లేదు. వరసలో ఉంది తేడా.

చావు జరిగిన ఇంటికి మీరు ఇంటర్వ్యూకి వెళ్ళేటప్పుడు కూడా ఆ వరసే పాటించండి. మొదటి రోజు ఫారం బయటికి తీయొద్దు. వచ్చిన పనేమిటో చెప్పి, ఎప్పుడు రమ్మంటారో అడిగి వెనక్కి రండి. పేర్లున్న కాగితాన్నీ జవాబులున్న కాగితాన్నీ వేర్వేరు చోట్ల, వేర్వేరు తాళాల కింద పెట్టండి. నివేదికలో ఏ గడిలోనైనా ఐదుగురి కన్నా తక్కువ మంది ఉంటే దాన్ని పక్క గడిలో కలిపేయండి, చిన్న ఊళ్ళో వయసూ పనీ కలిపి చెప్తే పేరు చెప్పినట్టే. లెక్కలు తేలిన తరువాత అదే ఇళ్ళకు మళ్ళీ వెళ్ళి, మీరు చెప్పినదాంట్లో మాకు ఇది కనబడింది, ఇందులో మేం తప్పుగా అర్థం చేసుకున్నది ఏమైనా ఉందా అని అడగండి. ఆ వెళ్ళడానికి పట్టే రోజుల్ని, ఖర్చును మొదటి బడ్జెట్‌లోనే రాసుకోండి, తరువాత దానికి ఎవరూ డబ్బివ్వరు.

ప్రశ్నలు ఉంటే ఇప్పుడు తీసుకుందాం.